కుందేలు బొమ్మ గిన్నె

కురొహామ రేవులో మనిషి అన్నం తినే గిన్నెను కావాలని పగలగొట్టే సందర్భాలు రెండే. ఇంటిపిల్ల పెళ్ళికూతురై గడప దాటినప్పుడు ఒకటి, ఇంట్లోంచి శవం లేచినప్పుడు ఇంకొకటి. ఎవరి గిన్నె వాళ్ళదే ఆ ఊళ్ళో, ఒకరి గిన్నెలో ఒకరు తినరు. అందుకని వెళ్ళిపోయే మనిషి గిన్నెను గడప రాయి మీద కొట్టి, ఇక్కడ నీ అన్నం అయిపోయింది తల్లీ, వెళ్ళినచోటే చల్లగా ఉండు, వెనక్కి రాకు అని చెప్పడం. పెళ్ళికూతురు అది విని ఏడుస్తుంది. శవం ఏం వింటుందో ఎవరికి తెలుసు.

ఆ రేవులో తొమె అని ఒకావిడ ఉండేది. తొమె అంటే ఇక ఆగు అని అర్థం. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే విసిగిపోయిన తండ్రి పెట్టిన పేరది. పేరు పెట్టిన వేళావిశేషమేమో, ఆవిడ బతుకులో అన్నీ నడుస్తూ నడుస్తూ సగంలో ఆగిపోయినవే. మొగుడు ఉత్తర సముద్రం పడవల మీద పనికి పోయి అక్కడే జబ్బుచేసి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలింది. పొద్దున్నే రేవులో పది కాళ్ళ కణవ చేపలు చీరి, తీగల మీద బట్టల్లా ఆరేసి బతుకుతుండేది. పెద్దది హత్సుయె, చిన్నది ఒరియె. పెద్దదాని గిన్నె మీద నీలిరంగు రేగుపూలు, చిన్నదాని గిన్నె మీద పరుగెత్తే కుందేలు.

హత్సుయె చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసేది. చేతులెప్పుడూ చేప కంపు కొట్టేవి గానీ గొంతు మాత్రం మంచుకాలం ఉదయంలా తేటగా ఉండేది. పని చేస్తూ ఏదో ఒకటి కూనిరాగం తీసేది. చిన్నది ఆ రాగానికి మాటలు కట్టేది. "ఏవే కోతీ, చేపకన్ను మీద కూడా పాటేనా నీకు?" అని నవ్వి, తన జీతంలోంచి చెల్లెలికి పాత గిటారు ఒకటి కొనిపెట్టింది. దాని మీద వార్నిష్ సగం లేచిపోయి ఉండేది. తొమె చూసి, "కణవ తీగలు చాలవనా, ఇంట్లోకి ఈ తీగలు కూడానా?" అని విసుక్కుంది. విసుక్కుంటూనే అది తడవకుండా తన పాత కిమోనో గుడ్డతో సంచి కుట్టింది.

హత్సుయెకు పక్క రేవు కుర్రాడితో పెళ్ళి కుదిరింది. ఆకులు ఎర్రబడే రోజుల్లో అనుకున్నారు. తొమె గడప రాయిని అప్పుడప్పుడు చీపురుతో రుద్ది, "ఇక్కడే కొడతానే నీ గిన్నె. ఒక్క దెబ్బకే ముక్కలవ్వాలి, లేకపోతే నువ్వు పుట్టింటి మీద బెంగపెట్టుకుంటావట" అని ఆటపట్టించేది.

"కొట్టకే అమ్మా, అంత మంచి గిన్నె. దాచిపెట్టు. మొగుడితో తగువైనప్పుడు వచ్చి తింటాను" అనేది హత్సుయె.

ఆ మాట ఒరియె చెవుల్లో ఉండిపోయింది.

ఎండాకాలం మొదట్లో సముద్రపు నాచు కోసే పనికి రేవంతా రాళ్ళ మీదికి దిగుతుంది. హత్సుయె కూడా దిగింది. ఒక అల వచ్చింది, అందరూ వంగారు, అల వెళ్ళింది, అందరూ లేచారు, హత్సుయె లేవలేదు. మర్నాడు దొరికింది. జుట్టు నిండా నాచు చుట్టుకుని, నిద్రపోతున్నట్టే ఉంది.

శవపేటిక లేచే వేళ తొమె గిన్నె పట్టుకుని గడప దగ్గర నిలబడింది. ఊరంతా తలలు వంచుకుని ఉన్నారు. ఠప్పుమని పగిలిన చప్పుడు అందరూ విన్నారు. కానీ ఒరియె తల్లి పక్కనే ఉంది, చూసింది. పగిలింది అంచు పోయిన పాత టీ గిన్నె. రేగుపూల గిన్నె తొమె ఏప్రన్ కింద, కడుపుకు ఆనించి ఉంది.

అందరూ వెళ్ళాక తొమె ఒరియె భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "నువ్వేం చూళ్ళేదు. నోరు విప్పావా, మీ అక్క రాదు."

అంతే. ఆ రోజునుంచి ఆ ఇంట్లో పొద్దున్నే మూడు గిన్నెల్లో అన్నం వడ్డించేవారు. మూడోదాంట్లో పొగలు తగ్గి, అన్నం ఎండి, సాయంత్రానికి తొమె దాన్ని మిసో చారులో కలుపుకుని తినేసేది. పైకి ఎవరికీ తెలియదు. ఆ చలికాలం ఇవాకిచి అనే ఆయన పడవ నడిసముద్రంలో పోయింది. ఆయన పెళ్ళాం తొకుయొ గుండెలు బాదుకుని, ఏ దయ్యం కన్ను పడిందో మా పడవ మీద అని ఏడుస్తుంటే, తొమె ఉడికిన అన్నం దించడం కూడా మరిచి పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. ఒరియె ఆ ముఖం చూసి భయపడింది.

చదువయ్యాక రేవు పిల్లలందరితో పాటు ఒరియె కూడా రైలెక్కి టోక్యో పోయింది. రొట్టెల ఫ్యాక్టరీలో పని. సాయంత్రాలు స్టేషన్ వెనక ఒక కాఫీ హోటల్లో గిటారు పట్టుకుని పాడేది. అప్పట్లో కుర్రకారంతా ఎవరి పాట వాళ్ళే కట్టుకుని పాడుకునే రోజులు. జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు యుద్ధాల గురించి, రైళ్ళ గురించి పాడేవాళ్ళు. వాళ్ళ మధ్య ఈ పిల్ల లేచి, వాళ్ళ రేవు యాసలోనే, ఒక గిన్నె మీద పాట పాడింది.

*పగలగొట్టకమ్మా నా గిన్నె,*
*పై అరలో దాచి ఉంచు.*
*పొద్దున్నే పొగలు కక్కే అన్నం పెట్టి*
*నా పేరు పెట్టి పిలువు.*

కాఫీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ మూల కూర్చున్న దొజిమా అనే ఆయన, రికార్డుల కంపెనీ మనిషి, సిగరెట్టు ఆర్పేసి దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"కురొహామ. మీకు తెలీదులెండి, మ్యాపులో కూడా చిన్న చుక్కే."

"ఈ పాట పెడదాం రికార్డులో. కానీ మూడో చరణం వద్దు."

మూడో చరణంలోనే అసలు సంగతి ఉంది. తడిసిన జుట్టుతో వస్తాను, గడప మీద ఉప్పు చల్లకమ్మా, ఆకలేసి వచ్చాననుకో అని ఉంటుంది అందులో. శవాన్ని పంపి వచ్చినవాళ్ళు ఉప్పు చల్లుకుంటారు కదా, ఆ మాట వింటే ఎవరికైనా అర్థమైపోతుంది.

"శవం పాట ఎవరు కొంటారే తల్లీ?" అన్నాడు దొజిమా. "మొదటి రెండు చరణాలు చూడు, ముచ్చటగా పెళ్ళికూతురు పుట్టింటి మీద బెంగతో పాడినట్టుంది. అంతవరకు చాలు."

ఒరియె ఆలోచించింది. మూడో చరణం పోతే అమ్మ గుట్టు బయటపడదు, లోపలే ఉంటుంది అనుకుంది. అక్క మాట పాటలో ఉంటుంది, అమ్మకు చేటు రాదు. సరేనంది. పిచ్చిపిల్ల, అక్కడే పొరపడింది.

పాట దేశమంతా పాకింది. పెళ్ళిళ్ళలో ఆ పాట లేకుండా తల్లులు ఏడవడం మానేశారు. రేడియోలో వేసే ముందు, "పెళ్ళయి వెళ్ళే ప్రతి ఆడపిల్ల మనసులోని మాట ఇది" అని చెప్పేవాళ్ళు. ఒరియెను పత్రికలవాళ్ళు తెల్ల బట్టలు వేసి ఫొటోలు తీశారు. ఆ పిల్లకు పెళ్ళి కాలేదని ఎవరూ పట్టించుకోలేదు.

దేశమంతా పొరపడింది గానీ, కురొహామ రేవు పొరపడలేదు. చేపలు చీరే షెడ్డులో రేడియో మోగుతోంది. పాట సగంలో ఉండగానే తొకుయొ కత్తి కింద పెట్టింది.

"ఇది తొమె గారి చిన్నది కదూ?"

"అవునేవ్, మన ఊరి పేరు నిలబెట్టింది" అంది టోఫు కొట్టు కినూ. తొమెకు అటు పక్కింటావిడ, మంచి మనిషి, నోరు మాత్రం ఆగదు.

"పేరు సంగతి తరవాత. ఆ ఇంట్లోంచి పెళ్ళికూతురు ఎప్పుడు వెళ్ళింది?" అంది తొకుయొ.

కత్తులన్నీ ఆగిపోయాయి. ఆ ఇంట్లోంచి గడప దాటింది శవమే. దాచిపెట్టు అన్న గిన్నె ఎవరిదో చిన్నపిల్లకైనా అర్థమవుతుంది.

తొకుయొ సరాసరి తొమె ఇంటికి పోయింది. తలుపు తీసి, చెప్పులైనా విప్పకుండా లోపలికెళ్ళి, తిండి బల్ల మీద ఉన్న రేగుపూల గిన్నెను చూసింది. అందులో అన్నం ఉంది. ఆవిడ ఏమీ ముట్టుకోలేదు. బయటికొచ్చి వీధిలో నిలబడి అరిచింది.

"ఈవిడ పిల్లను పోనివ్వలేదు! చచ్చినదాన్ని కట్టేసి ఉంచుకుంది! అదే తిరుగుతోంది సముద్రం మీద! అదే పిలిచింది మా ఆయన్ని!"

ఆ తరవాత ఎవరూ తొమెను రాళ్ళతో కొట్టలేదు, తిట్టలేదు. అలాంటివి ఆ ఊళ్ళో లేవు. చేపలు చీరే షెడ్డులో ఆవిడ పక్క పీట ఖాళీగా ఉంచారు, అంతే. ఆవిడ తీగల దగ్గరికి వస్తే మిగిలినవాళ్ళు పని ఉన్నట్టు లేచిపోయేవాళ్ళు. ఊరుమ్మడి స్నానాల ఇంట్లో ఆవిడ దిగిన తొట్టిలో ఇంకెవరూ దిగేవాళ్ళు కాదు. కినూ ఒక్కతే చాటుగా టోఫు ఇచ్చిపోయేది.

ఇదేమీ ఒరియెకు తెలియదు. చచ్చినవాళ్ళు ఇళ్ళకు తిరిగొచ్చే ఎండాకాలం పండగకు, చేతినిండా సామాన్లతో రేవుకొచ్చింది. కొత్త బట్టలు, తల్లికి దుప్పటి, టోక్యో మిఠాయిలు. వీధిలో లాంతర్లు కట్టి ఉన్నాయి. పలకరించినవాళ్ళు లేరు. గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు.

"అమ్మా, నేనే. వచ్చేశాను."

లోపలినుంచి తొమె గొంతు వచ్చింది. "ఎవరు మీరు?"

"అమ్మా, ఏంటిది? నేనే, ఒరియెని."

"మా చిన్నది పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట కదమ్మా. రేడియోలో చెప్పారు. పెళ్ళయి వెళ్ళినది ఇట్టా తిరిగిరాకూడదు."

తలుపు ఒక మనిషి పట్టేంత తెరుచుకుంది. తొమె సగానికి సగం అయిపోయి ఉంది. చేతిలో కుందేలు బొమ్మ గిన్నె. ఎదురింటి గుమ్మంలో తొకుయొ, ఆవిడ వెనక ఇంకా ఆడవాళ్ళు. తొమె వాళ్ళ వంక ఒకసారి చూసింది. కూతురి వంక చూడలేదు. గిన్నెను గడప రాయి మీద వేసి కొట్టింది.

ఒక్క దెబ్బకే ముక్కలైంది. కుందేలు తల ఒక ముక్కలోను, కాళ్ళు ఒక ముక్కలోను పోయాయి.

తలుపు మూసుకుంది. ఒరియె ఆ ముక్కలు ఏరబోతే కినూ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ముట్టుకోకే తల్లీ. గడప మీద పగిలినవి ఏరకూడదు. పద, రైలు దాకా నేనొస్తాను." దారిలో జరిగిందంతా చెప్పింది. ఒరియె ఒక్క మాటే అడిగింది. "పిన్నీ, నాకు కొట్టింది పెళ్ళికూతురికి కొట్టినట్టా, శవానికి కొట్టినట్టా?"

కినూ నోరు మొట్టమొదటిసారి ఆగింది.

తరవాత ఒరియె ఇంకా పాటలు కట్టింది. రైలు పట్టాల మీద కట్టింది, మంచు మీద, రొట్టెల ఫ్యాక్టరీలో వేళ్ళు కాలిన పిల్ల మీద. ఒక్కటీ నిలబడలేదు. ఎక్కడికెళ్ళినా జనం కేకలు వేసేది గిన్నె పాట కోసమే. దొజిమా ఆ పిల్లను పెళ్ళి హాళ్ళకు అప్పగించాడు. ఏళ్ళ తరబడి తెల్లబట్టలు వేసుకుని, కేకు పక్కన నిలబడి, ఎవరెవరి కూతుళ్ళ కోసమో పాడింది. తల్లులు రుమాళ్ళు తీసేవాళ్ళు. అన్నం గిన్నె చేత్తో పట్టుకుంటే వేళ్ళు వణికేవి ఆ పిల్లకు. నిలబడి నూడుల్స్ తినేది, లేకపోతే రొట్టె. కొన్నాళ్ళకు తిండి తగ్గి సాకే తాగడం ఎక్కువైంది. గొంతులో తేట పోయి, అడుగున ఇసుక పేరుకున్నట్టయింది. అది కూడా బాగుందన్నారు వినేవాళ్ళు. బతుకు పండిన గొంతట!

ఒకరోజు మధ్యాహ్నం పెద్ద హోటల్లో పెళ్ళి. పాడడానికి ముందు, ముస్తాబు గదిలోకి ఒక ముసలావిడ వచ్చింది. నల్ల కిమోనో, వంగిన నడుము. పెళ్ళికూతురి నాయనమ్మ. మాట వినగానే ఒరియె లేచి నిలబడింది. ఉత్తరాది రేవుల యాస అది.

"కూర్చో అమ్మాయ్. నీతో ఒక మాట. ఆ పాట పెళ్ళి పాట కాదు కదూ?"

ఒరియె గిటారు పక్కన పెట్టింది.

"మా వైపు కూడా కొడతాం గిన్నె. పెళ్ళికూతురు, ‘నా పేరు పెట్టి పిలువు’ అనదే. పిలిపించుకునేది పోయినవాళ్ళే. దీనికి ఇంకో చరణం ఉండుండాలి."

ఒరియె ఆ గదిలో, పూలబుట్టల మధ్య, గిటారు లేకుండా, గొంతు తగ్గించి మూడో చరణం పాడింది. రికార్డు వచ్చిన తరవాత ఆ చరణం ఇంకో మనిషికి వినిపించడం అదే మొదలు. ముసలావిడ కళ్ళు మూసుకుని విన్నది. తరవాత కళ్ళు తెరిచి, కోపం లేకుండానే అంది.

"ఎంతమంది పెళ్ళికూతుళ్ళ నెత్తిన పాడావే దీన్ని? నా మనవరాలి నెత్తిన పాడకు. నీకు దణ్ణం పెడతాను."

ఒరియె మైకు ముందుకు వెళ్ళి నిలబడింది. పియానో ఆయన మొదలుపెట్టాడు, ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ పిల్ల పెళ్ళికూతురి వైపు నడుం వంచి లోతుగా ఒక దణ్ణం పెట్టి, హాలు మధ్యలోంచి నడిచి బయటికి పోయింది. దొజిమా వెనకే పరుగెత్తి, "పిచ్చెక్కిందా నీకు? ఇక ఏ హాలూ నిన్ను గుమ్మం తొక్కనివ్వదు!" అని అరిచాడు. "అలవాటేలెండి" అంది ఒరియె.

తల్లి దగ్గరికి పోవాలనుకుంది. తలుపు బయటైనా సరే, ఆవిడ చేతి అన్నం ఒక్క పూట తినాలి. బతుకులో ఇంకేం కోరిక మిగల్లేదు ఆ పిల్లకు. టోఫు కొట్టుకు ఫోను చేసింది. "నువ్వు చెయ్యకపోతే నేనే చేసేదాన్నే. మీ అమ్మ మంచాన పడింది. ఒకోసారి నన్ను కూడా గుర్తుపట్టదు. రా" అంది కినూ.

పెరటి తలుపు గుండా లోపలికి తీసుకెళ్ళింది కినూ. పరుపు మీద తొమె ఎండిన కణవ చేపలా పలచగా పడి ఉంది. బయట వాన. స్టేషన్ నుంచి నడిచొచ్చిన ఒరియె జుట్టు తడిసి ముఖానికి అంటుకుని ఉంది. తొమె కళ్ళు తిప్పి చూసింది. చూసి, ముఖమంతా వెలిగిపోయింది. అంత వెలుగు ఆ ముఖంలో ఒరియె ఎన్నడూ చూడలేదు.

"వచ్చావా హత్సూ!"

"అమ్మా, నేను…"

"నాకు తెలుసే వస్తావని. అందరూ ఏమేమో అన్నారు. నేను కొట్టలేదే నీ గిన్నె. కినూ, నన్ను లేపవే, అన్నం పెట్టాలి."

కినూ, ఒరియె కలిసి లేపి కూర్చోబెట్టారు. తొమె రేగుపూల గిన్నెలో అన్నం పెట్టింది. సగం పరుపు మీద పడింది. పెట్టి, అన్నం తినే పుల్లలు రెండు తీసుకుని, అన్నం మధ్యలో నిలువుగా గుచ్చింది. చచ్చినవాళ్ళకు పెట్టే తీరది.

కినూ గబుక్కున చెయ్యి చాచింది. "తినకే పిల్లా. అట్టా గుచ్చింది బతికినవాళ్ళు తినకూడదు."

ఒరియె పుల్లలు పైకి లాగి, తినడం మొదలుపెట్టింది. వేడి అన్నం. వేళ్ళు వణకలేదు.

"మరి చిన్నదో అమ్మా?" అని అడిగింది నములుతూ. "ఒరియె రాలేదా?"

తొమె ముఖం మీద వెలుగు కొంచెం తగ్గింది. "అది రాదే. దాని గిన్నె నేనే కొట్టేశాను. అందరూ చూస్తున్నారు మరి. లోపలికి రానిస్తే, తొకుయొ దాన్ని బతకనిచ్చేదా? పెళ్ళికూతురికి కొట్టినట్టు కొట్టానో, శవానికి కొట్టినట్టు కొట్టానో, నాకే తెలీదు. దానికి గిన్నె లేదిక్కడ. నువ్వు తిను."

నేనే అమ్మా ఒరియెని అని చెప్పడానికి ఎన్నోసార్లు నోరు తెరిచింది ఆ పిల్ల. చెబితే హత్సుయె మళ్ళీ చచ్చిపోతుంది ఆ తల్లికి. చెప్పలేదు. మంచు పడేదాకా ఆ ఇంట్లో హత్సుయెగానే ఉంది. రోజూ పుల్లలు గుచ్చిన అన్నమే తిన్నది. తల్లి జుట్టు దువ్వేది, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేది. ఒకరోజు తొమె ఆ చేతుల్ని వాసన చూసి, "ఫ్యాక్టరీ మానేశావా హత్సూ, చేప వాసన రావట్లేదే" అంది. మర్నాటినుంచి ఒరియె రేవులో కణవ చీరడానికి పోయేది. పక్క పీట ఖాళీగానే ఉండేది.

తొమె పోయిన పొద్దున కూడా పిలిచింది హత్సుయెనే.

శవపేటిక లేచే వేళకు కినూ రెండు గిన్నెలు తెచ్చి ఒరియె చేతుల్లో పెట్టింది. ఒకటి తొమెది, ఒకటి రేగుపూలది. "మీ అమ్మను పంపించు. మీ అక్కను కూడా పంపించెయ్యి తల్లీ. ఎన్నేళ్ళని నిలబెడతారు దాన్ని గుమ్మంలో?"

వీధిలో జనం చేరారు. ముసలిదైపోయిన తొకుయొ కూడా వచ్చి, గొడుగు కింద తల వంచుకుని నిలబడింది. ఒరియె తల్లి గిన్నె కొట్టింది. రెండోదాన్ని ఎత్తి పట్టుకుంది. అది పగిలితే ఆ ఇంట్లో తను తిన్న గిన్నె ఇక లేనట్టే. దాచిపెడితే ఎవరికీ తెలియదు కూడా. ఏప్రన్ కింద బోలెడంత చోటుంది.

కొట్టింది. ఒక్క దెబ్బకు పగల్లేదు, మళ్ళీ కొట్టాల్సి వచ్చింది.

అందరూ వెళ్ళాక కినూ గడప మీద ఉప్పు చల్లి, "అన్నం మిగిలే ఉంది, కాస్త తిను. మా ఇంట్లోంచి గిన్నె తెస్తానుండు" అంది.

"వద్దు పిన్నీ. ఒకరి గిన్నెలో ఒకరు తినరు కదా" అంది ఒరియె.

కుండ మూత తీసి, చేతులు తడుపుకుని, ఉప్పు అద్దుకుని, చల్లారిన అన్నాన్ని రైలు ప్రయాణాలకు చేసుకునేట్టు ముద్ద చేసింది. గడప దాటకుండా, ఇవతలే నిలబడి తిన్నది.